పదికి ఆరు మార్కులు

గుత్తి చుట్టుపక్కల పల్లెల్లో నాటకం ఆడాలంటే ముప్పై ఏళ్లపాటు ఫకృద్దీన్ అన్న తెరలే కట్టేవాళ్లు. దర్బారు, అడవి, పూలతోట అన్నీ ఆయన చేతి రంగులే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది గానీ వేదిక మీద ఆయన చూపు పోలేదు. అందుకే అనంతపురంలో కాలేజీ నాటకాల పోటీకి రంగాలంకరణ మార్కులు ఆయనే వేయాలని పట్టుబట్టి తీసుకొచ్చాను. నేను తెలుగు పంతుల్ని, మాటలకు మార్కులు వేసేవాణ్ణి.

మూడోదీ చివరిదీ అయిన నాటకం గ్రీకుల పాత కథ. రాజు వద్దన్నా తమ్ముణ్ణి మట్టి చేసే ఒక అక్క గోడు. పిల్లలు దాన్ని కరోనా కాలానికి మార్చారు. ఆ సంగతి ముందే కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు, నా బుర్రను ఏమనాలి.

వేదిక మీద తెరలు లేవు. వెనక నీలం టార్పాలిన్ పట్ట, అడ్డంగా ఒక తాడు, నడుమ చెక్కలతో కట్టిన గుంత.

“ఏమప్పా, గుడ్డముక్క కూడా లేదే” అని అన్న గొణిగాడు. పట్ట వెనక దీపం వెలగగానే, “బాగుండాది. ఆ పట్టే ఆకాశం” అని రాసుకున్నాడు. అంతలో తెల్ల ప్లాస్టిక్‌లో చుట్టిన శవాన్ని తెచ్చారు. నేను చప్పున అన్న వైపు తిరిగాను.

ఆయన తమ్ముడు హుసేన్‌పీరా కరోనాలో అలాగే పోయాడు. ఖబరస్తాన్‌లో ఇంటివాళ్లను తాడు దగ్గరే ఆపేసి జేసీబీతో పూడ్చేశారు. వచ్చిన ప్రతివాళ్లూ మూడు పిడికిళ్ల మన్ను వేయడం వాళ్ల ఆనవాయితీ. అన్నకు ఒక్క పిడికిలీ దక్కలేదు. నాలుగేళ్లుగా ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ కదపలేదు.

ఇక నాకు నాటకం తలకెక్కలేదు. అన్న బీపీ మాత్ర వేసుకున్నాడా? ఇక్కడే కూలబడితే మాబీ వదినకు నేనేం చెప్పాలి? “పోదామా అన్నా” అని రెండుసార్లు అడిగాను.

“ఊరకుండప్పా, పని చేస్తాండా” అన్నాడు.

వేదిక మీద అక్క తాడు దాటి వచ్చి గుంతలోకి పిడికిలి విప్పింది. అన్న తల వంచి చెవి అటు పెట్టాడు. తర్వాత పదికి ఆరు వేశాడు.

హాలు ఖాళీ అయ్యాక, ఆ వేదికను తీర్చిన సారా అనే పిల్ల నేరుగా ఆయన దగ్గరికే వచ్చి మార్కుల కాగితంలోకి తొంగి చూసింది.

“ఏం తక్కువైంది తాతా?”

“అది మన్ను కాదు పాపా, రంపపు పొట్టు. మన్ను పడితే చప్పుడొస్తాది.”

“స్టేజీ గలీజు చేయొద్దన్నారు తాతా. అయినా ఆ చప్పుడు ఎవురికి ఇనపడతాది?”

“తాడు ఈపక్క నిలబడినోళ్లకు ఇనపడాల. నాకు ఇనపడలేదు. జేసీబీ మోత.”

సారా ఆయన ముఖంలోకి చూసింది. బయటికి పోయి బకెట్టుతో ఎర్రమన్ను తెచ్చి గుంత పక్కన పెట్టింది.

“ఎంత ఎత్తు నుంచి వేయాల్నో చూపించు తాతా.”

నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఆయన విడిపించుకుని, చెప్పులు విడిచి వేదిక ఎక్కాడు. వంగి ఒక పిడికిలి వేశాడు. గుంతలో ఇంకా ఉన్న బొమ్మశవం ప్లాస్టిక్ మీద మన్ను టపటపా పడింది. రెండోది వేశాడు. మూడోది గుప్పిట్లోనే పట్టుకుని నిలబడిపోయాడు. సారా వెళ్లి హాలు చివర గోడకు ఆనుకుని నిలబడింది.

“ఈడికి ఇనపడతాండాది తాతా. వెయ్యి.”

వేశాడు.

కిందికి దిగాక మార్కుల కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాను. “ఆడినప్పుడు ఆ చప్పుడు లేదు కదప్పా” అని కాగితం నాకే తోసేశాడు. ఆరు పక్కన ఆయన బొటనవేలి ఎర్రమన్ను అంటింది. నేను దులపలేదు.