గంగారాం షాపులో తిరగని ఫ్యాన్

కోరుట్లలో జెరాక్స్ షాపు గంగారాంకు ఒక్కటే పిచ్చి: ఫ్యాన్ వేయనివ్వడు. పెళ్లికి పోయినా ఫ్యాన్ కింద కుర్చీ వదిలి మూలకు జరుగుతాడు. ఇక తన షాపులో ఎవరి చెయ్యి స్విచ్ వైపు పోయినా, "ఫ్యాన్ ముట్టకుండ్రి" అని బజారంతా వినబడేలా కేక వేస్తాడు. పక్క షాపు నాది. నేను చేసే పని ఫ్యాన్ల రిపేరు. నా బాధ మీరే ఆలోచించండి.

మిషన్‌లో నల్లపొడి అయిపోయినప్పుడు మరీ దారుణం. ముక్కుకు మాస్కు కట్టుకొని అందరినీ బయటికి తోలేస్తాడు.

"పోండ్రి, దేవయ్య షాపుల కూసోండ్రి. ఆడ గాలి మస్తుంటది."

వాళ్లంతా వచ్చి నా ఫ్యాన్ల కింద కూర్చొని, గంగారాం ఎంత పిసినారో చెప్పుకునేవారు. నేను కూడా తల ఊపేవాణ్ణి.

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం శ్రావణి వచ్చింది. చంకలో ఏడాది నిండని పాప, ఆయాసంతో డొక్కలు ఎగరేస్తోంది. ఆస్పత్రి కాగితాలకు జెరాక్స్ తీసుకొని జగిత్యాల బస్సెక్కాలి. సరిగ్గా అప్పుడే మిషన్ ఆగింది.

"బయట కూసో బిడ్డా. పొడి నింపాలె," అన్నాడు గంగారాం.

"బస్సొస్తది కాకా. కాగితాలు చేతులవడ్డంకనే పోత," అని ఆమె లోపలి మూలన నిలబడిపోయింది.

గల్ఫ్ వీసా కాగితాలతో వచ్చిన భూమేశ్ కూడా కదల్లేదు. చెమట తుడుచుకోబోయి, మూత తీసిన పొడి డబ్బాను మోచేత్తో పడగొట్టాడు. తలుపుకూ శ్రావణికీ మధ్య గచ్చంతా నల్లబడింది. చప్పుడు విని నేను పరుగెత్తుకొచ్చాను, మోటార్ల దుమ్ము ఊదే బ్లోవర్‌తో సహా.

"ఊదకు దేవయ్య," అన్నాడు గంగారాం మెల్లగా. "గీ పొడి లోపలికి పోతే మనకే దగ్గు ఆగది. గా పిల్లకు అసలే ఊపిరాడుతలేదు."

భూమేశ్ ఆ మాట వింటేగా. "గాలికి అదే పోతది తియ్యి," అంటూ స్విచ్ నొక్కేశాడు.

నేను అరిచాను. శ్రావణి అరిచి, పాప ముఖం గుండెకు అదుముకుంది. రోజూ అరిచే గంగారాం మాత్రం అరవలేదు. వంగి బకెట్లో తువ్వాల ముంచుతున్నాడు.

ఫ్యాన్ తిరగలేదు.

తడి తువ్వాలను పొడి మీద పరిచి, దాని మీదుగా శ్రావణిని చెయ్యి పట్టి బయటికి దాటించాడు. భూమేశ్ నల్లచేతులతో వేడినీళ్ల కోసం హోటల్‌కు పోబోతుంటే ఆపాడు.

"వేడినీళ్లు వద్దు, పొడి కరిగి తోలుకు అతుకుతది. సల్లనీళ్లతోని కడుగు, కండ్లు రుద్దకు. కడుక్కొని, ఎదురు షాపుల గీ పిల్ల కాగితాలు జెరాక్స్ తీయించుకరా."

తనకు పోటీగా జెరాక్స్ పెట్టిన ఎదురు షాపు పేరెత్తితేనే అన్నం మానేసే మనిషి ఆ మాట అన్నాడు.

బస్సు అందింది. పాపకు ఆయాసం తగ్గిందని సాయంత్రం శ్రావణి ఫోన్ చేసింది. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు. గంగారాం షాపులో స్టూలెక్కి ఫ్యాన్ చూశాను. వైరు పీకేసి, కొసకు టేపు చుట్టి ఉంది. టేపు మీద అంగుళం దుమ్ము.

"ఎప్పుడు పీకినవే?"

"షాపు వెట్టిన్నాడే."

"మరి తిరగని ఫ్యానుకు రోజూ గా ఒర్రుడేంది?"

గంగారాం కాసేపు గచ్చు తుడిచాడు. "ఒర్రకపోతే ఖరాబైందనుకుంటవు. పాపం గంగారాం ఉక్కకు సస్తుండని, నేను లేనప్పుడు అచ్చి ఫుకట్ల బాగుజేసి పోతవు. నీ మంచితనంతోనే నాకు భయం, దేవయ్య."

అందరినీ నా గాలి కిందికి తోలి, ఆ ఉక్కలో, ఆ పొడి దగ్గర తానొక్కడే ఉండేవాడన్నమాట. పైగా పిసినారి అనే పేరొకటి.

మర్నాడు అతని గిరాకీల కోసం నా ఫ్యాన్ కింద ఇంకో బెంచీ వేశాను. వేసి నడుము ఎత్తానో లేదో, పక్క షాపులోంచి కేక వినబడింది.

"ఫ్యాన్ ముట్టకుండ్రి."