యోహాను దుకాణంలో నా మాత్రలు

ఆపరేషన్ అయిన ఆరో వారం. పుష్యమాసపు చలి. వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఛాతీ నుంచి ముఖం దాకా వేడి పాకింది. జాకెట్ తడిసిపోయింది. ముగ్గు చిప్ప కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు.

రక్తస్రావం ఆగక మార్కాపురంలో గర్భసంచి తీశారు. రెండు ఓవరీలూ, అంటే అండాశయాలు కూడా తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చారు.

"ఇది ఈస్ట్రోజెన్. నీ ఒంట్లో తయారయ్యేది ఆగిపోయింది కాబట్టి బయట నుంచి ఇస్తున్నాం. నీకు యాభై ఏళ్లు వచ్చేదాకా వాడాలమ్మా. మధ్యలో ఆపొద్దు."

మొదటి నెల మాత్రలు ఆసుపత్రిలోనే తీసుకున్నాం. అవి అయిపోయిన వారానికే ఈ వేడి మొదలైంది.

తర్లుపాడు పక్కన మా ఊళ్లో ఉన్నది ఒకటే మందుల దుకాణం, మా వీధి చివర యోహానుది. అతని తండ్రి మా నాయన పొలంలో పనిచేసినవాడు. ఆ పొలం ఇప్పుడు మాది కాదు. పెద్ద గేటు, దాని వెనక మూడు గదులు మిగిలాయి; పెళ్లయ్యాక మా కాపురమూ అక్కడే. మా ఇంట్లో ఆడవాళ్ల జబ్బు గేటు దాటేది కాదు. వైద్యుడే వచ్చి వసారాలో కూర్చుంటే, తలుపు వెనక నుంచి అమ్మ చెప్పేది. పొలం పోయినా ఆ పద్ధతి నేను వదల్లేదు.

మా ఆయన చీటీ పట్టుకుని యోహాను దగ్గరికి వెళ్లి వచ్చారు.

"రెండు రోజుల్లో తెప్పిస్తాడంట."

"చీటీ చూపించినారా?"

"చూపించకుండా మందు ఎట్ల ఇస్తాడు?"

"నాకు సంచి లేదని వాళ్లందరికీ తెలియాల్నా? ఇంక ఆ దుకాణం మెట్లు ఎక్కొద్దు."

"మార్కాపురం పోయి తెస్తాలే."

"వద్దు. మా అమ్మకు రాలేదా ఈ వేడి? ఆమె ఏ మందు మింగింది?"

అమ్మకు నెలసరి ఆగింది యాభై దాటాక. ఆ తేడా నాకు తోచలేదు.

మూడేళ్లకు వేడి తగ్గింది. గెలిచాననుకున్నాను. నిద్ర మాత్రం రాలేదు, కీళ్లు పట్టేశాయి. కాపురం చేయాలంటే మంట, నొప్పి. అది ఆయనకు చెప్పకుండా మంచం వేరే గదిలో వేయించాను. ఆయన కారణం అడగలేదు. తన మీద నాకు విసుగు పుట్టిందనుకున్నారని చాలా కాలానికి తెలిసింది.

నలభై ఐదో ఏట తడి బండ మీద జారి చెయ్యి ఆనించాను. కుడి మణికట్టు విరిగింది. "ఇంత చిన్న దెబ్బకు విరగకూడదే" అని ఎముకల డాక్టరు, ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌కు ఒంగోలు పంపారు. ఎముకలు పలచబడ్డాయన్న ఆ రిపోర్టుతో మళ్లీ మార్కాపురం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం.

"మాత్రలు ఎందుకు ఆపినావమ్మా?"



"దుకాణంలో అడగడానికి నామోషీ, మేడం," అన్నారు మా ఆయన.

ఆమె నవ్వలేదు. "ఇంత చిన్న వయసులో ఓవరీలు పోతే ఎముకకు ఆ మందే కాపుదల. పోయిన ఎముక అంతా తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం."

మామోగ్రామ్ తీయించి, బీపీ చూసి, రక్తం గడ్డకట్టే జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాకే ఈస్ట్రోజెన్ మళ్లీ మొదలుపెట్టారు. తోడు వచ్చిన మా వదిన, "నాకూ రాయి తల్లీ, ఒళ్లు నున్నగుంటాదంట" అంది.

"అరవై దాటినాక కొత్తగా మొదలుపెడితే మేలు కన్నా ముప్పే ఎక్కువ, పెద్దమ్మా. ఇది అందరికీ కాదు."

ఈసారి కట్టు చేతితో నేనే యోహాను దుకాణం మెట్లు ఎక్కాను. అతను చీటీ చదివి వెనక ఉన్న అర వైపు తిరిగాడు.

"ఇదేనా అమ్మా? అప్పుడు తెప్పించి పెట్టినా. ఎవురూ రాలే. డేటు అయిపోయిందాకా ఆ అరలోనే ఉండె. ఎప్పుడన్నా వస్తారేమోనని మళ్లీ తెప్పిచ్చి పెట్టినా."

"ఎవరికైనా చెప్పినావా?"

"మందు సంగతి ఎవురికి చెప్తాం అమ్మా?"

నాకిప్పుడు నలభై ఏడు. నిద్ర పడుతోంది. కుడి పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, గీత నిలవదు. మంచం సంగతి మా ఆయనకు చెప్పాను. "అప్పుడే చెప్పి ఉంటే" అని లేచి వెళ్లారు. ఆయన పడక ఇంకా అవతలి గదిలోనే ఉంది.

గర్భసంచి తీయించుకున్నవారు డిశ్చార్జి కాగితం చదివించుకోండి. ఓవరీలు కూడా తీసి ఉంటే, ఈస్ట్రోజెన్ మీకు అవసరమా, ఎన్నాళ్లు వాడాలి అని డాక్టరును మీ నోటితోనే అడగండి. ఆపాలనిపించినా అక్కడే అడగండి. నా మందు మా వీధి చివరనే ఉండింది.