చైనా అక్షరానికి తలకట్టు

కేకు మీద పేరు రాయడంలో పిన్ని చేతికి తిరుగులేదు. బేకరీ ఆమె అక్కమొగుడిది. అక్క పిల్లలు పిలిచే పిలుపే వీధి మొత్తానికీ అంటుకుంది. క్రీము సంచి పట్టుకుని ముందు గుండ్రాలన్నీ చుట్టేసి, ఆఖర్న ఒక్కో అక్షరం నెత్తిన టిక్కున తలకట్టు పెట్టేది. అది చూడ్డానికే కొందరు నిలబడేవారు. ఆ సంగతి తెలిసే పిన్ని కాస్త ఆలస్యంగా పెట్టేది.

అలాంటి పిన్ని ఉద్యోగానికి ఎసరొచ్చింది. కేకు మీద అక్షరాలు అచ్చు గుద్దే మిషనొకటి బావ కంటపడింది.

"నీకూ శ్రమ తగ్గుతుందమ్మా, హాయిగా ప్యాకింగులో కూర్చోవచ్చు," అన్నాడు వెన్న పూసినట్టు. రోజంతా అట్టపెట్టెలకు దారం కట్టే బతుకు తలుచుకుంటేనే పిన్నికి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి చైనా తాతగారు తన ఎనభయ్యో పుట్టినరోజు కేకు తానే చెప్పుకోవడానికి వచ్చారు. నున్నటి గుండు, మందపాటి కళ్లద్దాలు. ఒకప్పుడు చైనాలో బళ్లో రాత నేర్పి, తరవాత ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కేకు మీద దీర్ఘాయుష్షు అని అర్థమిచ్చే చైనా అక్షరం ఒక్కటి చాలన్నారు. కాగితం మీద రాసిచ్చారు.

"ఒకటి పిన్ని రాస్తుంది, ఒకటి మిషను అమ్మేవాడు నమూనాకి గుద్దిస్తాడు. మీకు నచ్చిందే ఈ కొట్లో ఉంటుంది," అన్నాడు బావ.

గీతలేగా, ఎంతసేపు! పిన్ని లోపలికెళ్లి చకచకా గీసి, అలవాటు ప్రకారం పైనున్న అడ్డగీత ఆఖర్న పెట్టింది.

తాతగారు కేకు మీదికి వంగారు. "ఈ పైగీత ఆఖర్న వేశావు కదూ?"

"మీరు లోపల లేరు కదండీ!"

"చూడు, ఇది ఏటవాలు గీత మీదెక్కి కూర్చుంది. అన్నిటికంటే ముందు పుట్టాల్సింది అది."

తరవాత అచ్చు గుద్దిన కేకు చూశారు. "ఇందులో ముందూ లేదు, వెనకా లేదు. ఇది రాతే కాదు. ఆవిడది తప్పు రాత. తప్పు దిద్దుకోవచ్చు. పుట్టినరోజుకి మళ్లీ రాయనీ."

"అప్పుడూ తప్పితే మిషనే," అన్నాడు బావ, పిన్నికి మాత్రమే వినబడేలా.

తాతగారు నేర్పిన సూత్రం చిన్నదే. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత పడ్డాకే దాన్ని దాటే గీత. పిన్ని బుర్రకి అది వెంటనే ఎక్కింది గాని చేతికి ఎక్కలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పళ్లెంలో పంచదార పొడి పోసి రాసింది, బస్సు అద్దం మీద వేలితో రాసింది. ఇంట్లో ఏమీ దొరక్క, పేపరు చదువుకుంటున్న మొగుడి వీపు మీద రాసింది.

"ఆగవే, మళ్లీ పైగీత ఎగ్గొట్టావు!"

"మీకెలా తెలుసండీ?"

"వారం నుంచి నా వీపే కదే నీ పలక!"

పుట్టినరోజు వచ్చింది. పిన్ని పళ్ల మధ్య నాలుక బిగించి పైగీత ముందు వేసింది. కింది అడ్డగీతలు వేసి, వాటిని చీలుస్తూ ఏటవాలు గీత లాగి, మిగతావి వరసగా ముగించి, ఆఖరి చుక్క పెట్టింది. అంతా సరిగ్గా కుదిరింది. హమ్మయ్య అనుకుందో లేదో, చెయ్యి దానంతటదే పైకి వెళ్లి టిక్కున తలకట్టు పెట్టేసింది.

వెనక నుంచున్న బావ మొహం వెలిగింది.

తాతగారు వచ్చి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఈ నెత్తిమీదిది ఏమిటమ్మా?"

"తలకట్టండీ. నేను పెట్టలేదు, చెయ్యే పెట్టింది."

"పెట్టకపోతే ఏమవుతుంది?"

"అక్షరం బోడిగా ఉంటుందండీ," అనేసి, ఎదురుగా మెరుస్తున్న గుండు చూసి నాలిక్కరుచుకుంది.

"నేను గీకేస్తానండీ!" అంటూ బావ చాకు తెచ్చాడు. తాతగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"వరస చూడవయ్యా, ఒక్క గీత తప్పలేదు. ఇక ఇదంటావా..." అని తన గుండు నిమురుకున్నారు. "నా నెత్తిన ఎలాగూ లేదు, దాని నెత్తినైనా ఉండనీ. వచ్చే ఏడూ ఇలాగే కావాలి. మీ మిషను ఇలా పెట్టగలదా?"

బావ గల్లాపెట్టె వెనక్కి వెళ్లి మిషనువాడికి ఫోన్ చేసి వద్దన్నాడు. పిన్నికి కళ్లనీళ్లు తిరిగాయి.

ఇంటికెళ్లేసరికి మొగుడు పేపరు దించకుండానే వీపు తిప్పాడు. "ఏమైందో రాసి చెప్పు."

పిన్ని గీతలన్నీ వరసగా వేసింది. వేసి, కాస్త ఆలస్యంగా తలకట్టు పెట్టింది.