దారిలో ఎక్కడా ఆగని అంబాసిడర్

పాత కార్ల ప్రదర్శనకు కారు తీసుకువెళ్ళేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను. కానీ ఆ రోజు నేను చేసిన పనులు దాచి, ఆ సంగతులు మాత్రమే చెప్పడం నావల్ల కాలేదు.

నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాను. మా పక్కనే మూతపడిన ఒక ఫ్యాక్టరీ ఆవరణలో పాత అంబాసిడర్ ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉండేది. దాని అడుగు రేకులోంచి గడ్డి మొలిచి సీట్ల దాకా వచ్చింది. పాత సామాను అమ్మేసిన రోజున దాన్ని నేను కొని, పటాన్‌చెరులో హైవే పక్కనున్న మెకానిక్ యూసుఫ్ భాయ్ షెడ్డుకు లాగించుకొచ్చాను. చుట్టూ తిరిగి చూసి ఆయన ఒకే మాట అన్నాడు. "జల్దీ చేయమనొద్దన్నా. శుక్రవారం శుక్రవారం చేస్త."

శుక్రవారం నమాజు తర్వాత ఆయన షెడ్డులో వేరే పని పెట్టుకోడు. ఆ మధ్యాహ్నాలన్నీ మా కారుకే ఇచ్చాడు. అలా మూడేళ్ళు. నేను మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్ళి స్టూలు మీద కూర్చునేవాణ్ణి. అడిగిన పానా అందించేవాణ్ణి, అదీ ఒక్కోసారి తప్పుది. "మల్లేశన్నా, నువ్వు బజ్జీలే తే. గది మంచిగొస్తది నీకు," అని నవ్వేవాడు. కారు తయారయ్యాక ప్రదర్శనలో ఇద్దరం దాని పక్కన నిలబడాలని అనుకున్నాం. ఆ మాట ముందు అన్నది నేనే.

దరఖాస్తు కంప్యూటర్లో నింపాలి. అందులో 'వాహనాన్ని బాగుచేసింది ఎవరు' అని ఒక ప్రశ్న ఉంటుంది. వర్క్‌షాపు, స్వయంగా యజమాని అని రెండు గడులు. స్వయంగా చేసుకున్నవాళ్ళకు వేరే షీల్డు ఉంది, పోటీ కూడా తక్కువ. నేను రెండో గడిలో టిక్కు పెట్టాను. అలవాటైన పనే. ఉద్యోగమంతా వేరేవాళ్ళు మోసి దించిన సరుకు కింద సంతకం పెట్టినవాణ్ణి.

కారు పక్కన ఉండేందుకు రెండు చేతిపట్టీలు ఇస్తారు, యజమానికి ఒకటి, తోడు వచ్చేవారికి ఒకటి. రిటైరయ్యాక నన్ను కాంట్రాక్టు మీద ఉంచాలా వద్దా అన్నది మా జనరల్ మేనేజరు చేతిలో ఉంది. ఆయనకు పాత కార్లంటే ఇష్టం. రెండో పట్టీ ఆయనకిచ్చి, యూసుఫ్ భాయ్‌తో ఒకటే ఇచ్చారని చెప్పాను.

"ఫికర్ లేదన్నా. ఫోటోలు పంపు," అన్నాడు. మళ్ళీ తనే, "ఒక్కటి యాద్ పెట్టుకో. ఇంజిన్‌కు నీళ్ళు తాకనియ్యకు. దుమ్ము పడితే పొడిబట్టతోని తుడువు. గంతే."

ఆదివారం ఉదయం ఐదుంబావుకు రుద్రారంలో ఇంటినుంచి బయల్దేరాను. ఇస్నాపూర్ చౌరస్తాలో టీ తాగాను. రాత్రి డ్యూటీ దిగిన ఒడిశా కుర్రాళ్ళు కారు చుట్టూ చేరారు. "అంకుల్, సినిమా షూటింగా?" అని హిందీలో అడిగాడొకడు. అవునన్నాను. ఆ రోజు నేనాడిన మొదటి అబద్ధం అదే, అన్నిటిలోకీ చిన్నది కూడా అదే. పటాన్‌చెరు దాటేటప్పుడు యూసుఫ్ భాయ్ షెడ్డు షట్టరు దించి ఉంది. ఇంకా నిద్ర లేవలేదేమో అనుకున్నాను. లింగంపల్లి, కొండాపూర్ మీదుగా ఆరూ యాభైకి ప్రదర్శన జరిగే మైదానం గేటు చేరాను. కార్లను లోపలికి వదిలేది ఎనిమిదింటికి కదా అని నిదానంగా వెళ్ళకండి. అప్పటికే నా ముందు నలభై కార్లున్నాయి.

గేటు దగ్గర ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ కాగితాలు చూస్తారు. మంటలార్పే సిలిండరు లేకపోతే లోపలికి పంపరు. ట్యాంకులో పెట్రోలు పావు కంటే ఎక్కువ ఉండకూడదు. లోపలికెళ్ళాక సున్నం గీసిన గడిలో నిలిపి, నూనె చుక్కలు పడకుండా ఇంజిన్ కింద అట్ట పరవాలి. గొడుగు, మంచినీళ్ళు, నాలుగు పాత నూలుబట్టలు మీరే తెచ్చుకోండి. నీడ ఉండదు. ముందద్దం దగ్గర పెట్టమని వాళ్ళొక బోర్డు ఇస్తారు. నా బోర్డు మీద కారు వివరాలు, నా పేరు, కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో 'స్వయంగా బాగుచేసినది యజమానే' అని ఉంది. అచ్చులో ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. అయినా అందరికీ కనపడేలా నిలబెట్టాను.

పక్క గడిలో సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒకాయన తన ఫియట్ కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. లేచి చెయ్యి చాపాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. నా చేతిని కాసేపు వదల్లేదు.

"మొత్తం మీరే చేసిండ్రా సార్?"

"అవును."

"చేతులు మస్తు సాఫ్ ఉంచుకుంటరు," అని మళ్ళీ కారు కిందికి పోయాడు.

తొమ్మిదికి జనాన్ని వదిలారు. రంగు మీద చేతులు వేస్తారు, అడక్కుండా తలుపు తీసి లోపల కూర్చుంటారు. కోప్పడి లాభం లేదు. కాలేజీ అమ్మాయి ఒకతి మైలేజీ అడిగింది. తొమ్మిది అన్నాను. "కారు పోషిస్తున్నరా, బర్రెనా అంకుల్?" అంది. ఒక పెద్దాయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "గిసొంటి దాంట్లనే నా పెండ్లి బరాత్ పోయింది. ఇంత మంచిగ ఎవరు చేసిండ్రు బిడ్డా?" అని అడిగాడు. నేనే అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. అలా ఎంతమందికి చెప్పానో గుర్తులేదు. చెప్పేకొద్దీ నాకే నిజమనిపించసాగింది.

పదింబావుకు జనరల్ మేనేజరు వచ్చారు. పట్టీ కట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఫోటోలు దిగారు. బానెట్ ఎత్తమన్నారు.

"మల్లేశం గారూ, బయటంతా అద్దంలా ఉంది. లోపలేంటండీ ఇంత దుమ్ము?"

దారి దుమ్ము. బట్ట తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. అంతలో నీళ్ళ యంత్రం తోసుకుంటూ ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఇంజిన్ కూడా మెరిపిస్తామన్నారు. "చేయించేయండి, ఆలస్యమెందుకు," అన్నారాయన. యూసుఫ్ భాయ్ చెప్పింది గుర్తుంది. మరిచిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు. గుర్తుండి కూడా పక్కకు జరిగి కుర్రాళ్ళకు దారిచ్చాను. ఐదు నిమిషాల్లో ఇంజిన్ తళతళలాడింది.

పదకొండున్నరకు తాడు కట్టి జనాన్ని అవతలికి జరిపారు, న్యాయనిర్ణేతలు వచ్చారు. వాళ్ళలో ముఖ్యురాలు తెల్లజుట్టున్న ఒకామె. బోర్డు చదివింది. కారు తనంతట తాను స్టార్టయి వేదిక దాకా నడవాలన్నది నియమం. తాళం తిప్పాను. మోటారు గిరగిర తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే.

ఆమె బానెట్ లోపలికి వంగి చూసింది. "నీళ్ళు కొట్టించారా? డిస్ట్రిబ్యూటర్ మూత తీసి తడి తుడవండి, అదే అవుతుంది. పది నిమిషాలాగి వస్తాం."

ఇంజిన్ ముందు నిలబడ్డాను. మూడేళ్ళు స్టూలు మీద కూర్చుని చూసిన ఇంజిన్. అందులో డిస్ట్రిబ్యూటర్ ఏదో నాకు తెలియదు. ఫియట్ ఆయన నా వైపే చూస్తున్నాడు. జనరల్ మేనేజరు గడియారం చూసుకున్నారు. నేను కారు వెనక్కి వెళ్ళి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"నీళ్ళు తాకినయా?" అన్నాడు, నేను నోరు తెరవకముందే.

ఆ గొంతు వెనక మైకులో ఎవరిదో కారు నంబరు పిలుస్తున్నారు. అదే పిలుపు నా రెండో చెవిలోనూ వినిపిస్తోంది.

"ఎక్కడున్నవ్ భాయ్?"

"ఈడనే అన్నా. తాడు అవుతల. పొద్దటి సంది."

తలెత్తి చూశాను. తాడు కట్టిన చోట, జనంలో, పండక్కి కుట్టించుకున్న తెల్ల కుర్తాలో యూసుఫ్ భాయ్. పక్కన ఆయన కూతురు నస్రీన్. మా రుద్రారం కాలేజీలోనే చదువుతోంది. ఇద్దరూ టికెట్టు కొనుక్కుని బస్సులో వచ్చారు. పెద్దమనుషులతో ఉన్నాను కదా అని పిలవలేదట. కాపలా మనిషి అడ్డుపడితే, "మా మెకానిక్, లోపలికి పంపు," అన్నాను.

ఆయన కుర్తా చేతులు పైకి మడిచి ఒక నల్లటి మూత ఊడదీశాడు. జేబులోంచి అత్తరు వాసన వేసే రుమాలు తీసి దాన్ని లోపలా బయటా తుడిచి, నోటితో ఊది, మళ్ళీ తుడిచాడు. రుమాలు నల్లబడింది. కుర్తా అంచు కూడా. ఆయన చూపు ఒకసారి జనరల్ మేనేజరు చేతికున్న పట్టీ మీద ఆగి, మళ్ళీ ఇంజిన్‌లోకి వెళ్ళిపోయింది. నస్రీన్ ముందద్దం దగ్గర నిలబడి బోర్డు చదువుతోంది.

న్యాయనిర్ణేతలు తిరిగొచ్చారు. "ఈయనెవరు?" అని అడిగింది తెల్లజుట్టామె.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదు. ఒక్క వాక్యం చాలు. నేను జనరల్ మేనేజరు వైపు చూశాను.

"మెకానిక్ మేడం. చిన్న చిన్న పనులకు వస్తాడు."

యూసుఫ్ భాయ్ మూత బిగించడం ఆపలేదు. పని ముగించి, చప్పుడు కాకుండా బానెట్ దించి, "తిప్పుండ్రి," అన్నాడు. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"అంకుల్, బోర్డు మీద మా అబ్బా పేరు మరిచిపోయినట్టున్నరు," అంది నస్రీన్. గొంతు పెంచలేదు.

"చల్ బేటా, బస్సుకు టైమైతుంది," అని ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. వెళ్తూ నాతో అన్నాడు: "జెరసేపు ఇంజిన్ బంద్ చేయకుండ్రి సార్. తడి పూర్తిగ ఆరాలె."

మూడేళ్ళలో ఆయన నన్ను సార్ అనడం అదే మొదలు.

నాలుగున్నరకు షీల్డు ఇచ్చారు. స్వయంగా బాగుచేసుకున్న యజమానుల్లో రెండో స్థానం. ఫియట్ ఆయనకు ఏమీ రాలేదు. ఆయన చప్పట్లు కొట్టలేదు, నాకది ఊరటగా అనిపించింది. జనరల్ మేనేజరు షీల్డుకు ఒక వైపు తాను పట్టుకుని ఫోటో దిగారు. ఫోటోలు పంపమన్న మనిషికి పంపడానికి ఫోను తీశాను. మళ్ళీ జేబులో పెట్టేశాను.

ఐదున్నరకు తిరుగు ప్రయాణం. వెళ్ళేటప్పుడు తీసుకున్న దారే. ఇక మీ సంగతి. అలాంటి చోటికి కారు తీసుకెళ్తే జనం బాగానే చూస్తారు, ఎండ బాగా తగులుతుంది, మధ్యాహ్నం భోజనానికి చాలాసేపు వరుసలో నిలబడాలి. ఎవరు ఎన్ని నియమాలు పెట్టినా, కారు ఎవరు చేశారని మిమ్మల్ని తరచి అడిగేవారుండరు. మీరేం చెబితే అదే రాసుకుంటారు. అక్కడ జాగ్రత్త.

దారిపొడవునా ఒకటే కోరుకున్నాను. కారు ఎక్కడైనా ఆగిపోవాలి. లోపల ఇంకా ఎక్కడో తడి ఉండాలి. ఆగితే ఫోను చేయడానికి ఒక కారణం దొరుకుతుంది, ఆయన వస్తాడు, చీకటి పడకముందే చెప్పవలసింది చెప్పేస్తాను. లింగంపల్లి రద్దీలో పావుగంట నిలబడ్డాను. ఇంజిన్ వేడెక్కలేదు. రామచంద్రాపురం దాటాను.

ఏడు కావస్తుండగా పటాన్‌చెరు. ఆదివారమైనా షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల ట్యూబ్‌లైటు కింద ఆయన ఎవరిదో ఆటో మీద వంగి పని చేస్తున్నాడు. కుర్తా మేకుకు వేలాడుతోంది. రోడ్డు మీద పోయే కారును చప్పుడుతోనే గుర్తుపట్టే మనిషి. నేను షెడ్డు ఎదురుగా బాగా నెమ్మది చేశాను. ఆయన చేతిలో పానా ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

ఆగుతుందేమోనని క్లచ్ తొక్కి, యాక్సిలరేటరు వదిలేసి చూశాను. ఇంజిన్ చిన్నగా, సమంగా ఆడుతూనే ఉంది. ఒక్క దెబ్బ తప్పలేదు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. గేరు వేశాను. రుద్రారం దాకా కారు ఎక్కడా ఆగలేదు.