రెండు బండలు తీసిన దారి

నర్సమ్మ పోయిందన్న కబురు నాకు కడపలో, మా కాలేజీ లైబ్రరీలో అందింది. పరీక్షల పుస్తకం ముందు పెట్టుకుని, దాని కింద నోటుపుస్తకం దాచి, ఆమె చెప్పిన దారుల సంగతులు తిరగరాసుకుంటున్నాను. "పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచమ్మీద ఒరిగిందంట. అంతే," అని మా జట్టులోని పెద్దన్న ఫోనులో చెప్పాడు. నేను వరండాలోకి పరుగెత్తాను. ఎటు పోవాలో తెలియలేదు. తెలియనప్పుడల్లా మేం ఆమెనే అడిగేవాళ్లం.

ఆమె మాకు చుట్టం కాదు. డోన్‌కు తూర్పున, గుట్టల కింది ఊళ్లలో ఏళ్ల తరబడి పిల్లలకు టీకాలు వేసి రిటైరైన నర్సు. ఆ ఊళ్లన్నిటికీ మోపెడ్ మీదే తిరిగింది. ఆమెను 'మీరు' అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరైనా నిలబడ్డారేమోనని. అందుకే ఇక్కడా 'ఆమె చెప్పింది' అనే రాస్తున్నాను. 'చెప్పారు' అని రాస్తే నవ్వుతుంది.

మా జట్టు పనేమిటో కూడా చెప్పాలి. దేశం పై కొస నుంచి కింది కొస దాకా, వీలైనంత వరకు తారు తగలకుండా, మట్టిదారుల్లోనే మోటార్‌సైకిల్ మీద పోగలిగే ఒక పొడవైన దారిని కొందరు పటం మీద గీస్తున్నారు. జీతాలేమీ లేవు. ఎవరి ప్రాంతపు ముక్కను వాళ్లు సెలవుల్లో తిరిగి, చూసి, రాసి పంపాలి. డోన్ నుంచి రాయచోటి దాకా మా నలుగురి ముక్క. ముగ్గురు అన్నలు బండ్లు నడుపుతారు, నేను పెద్దన్న వెనక కూర్చుని రాస్తాను. ఎక్కడ గుంత, ఎక్కడ రాయి, ఎక్కడ తాగేనీళ్లు, అన్నీ. దేశం మధ్యలోంచి పోయే ఒక గీతలో కొంచెం నా చేతిరాత ఉంటుందంటే నాకు నిద్ర పట్టేది కాదు!

అయితే మా ముక్కలో ఒకచోట దారి తెగిపోయింది. డోన్ వైపు నుంచి వచ్చిన మట్టిదారి ఎర్రమల గుట్టల దగ్గర ఆగిపోయేది. గుట్ట అవతల ఎర్రగుంట్ల వైపు పోయే దారి మళ్లీ మొదలయ్యేది. మధ్యలో ఏమీ లేదు. వానలు మొదలయ్యేలోపు ఆ రెండు కొసలూ కలపకపోతే మా ముక్క మొత్తం తీసేసి దారిని హైవే మీదికి మళ్లిస్తామని పటం చేసేవాళ్లు చెప్పారు.

ఆ తెగిన చోటు వెతుకుతూ తిరుగుతుండగానే ఆమె కలిసింది. ఒక ఊరి బయట పెద్దన్న బండి చక్రంలో సర్కారు కంప ముల్లు దిగింది. నలుగురం దుమ్ములో కూర్చుని ఉన్నాం. తెల్ల చీర, తలకు తడితువ్వాలు, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించి, ఒట్టికాళ్లతో మోపెడ్ నడుపుకుంటూ ఒకామె వచ్చి మా ముందు ఆగింది.

"ఏమప్పా, ఇంతింత బండ్లు ఏసుకోని ఈడ కూలబడినారు?"

పెద్దన్న ఫోను చూపించాడు. "దారి ఇక్కడే ఉన్నట్టు చూపిస్తాంది అమ్మా."

"దానికేమప్పా, నీ జోబీలో నీడన కూసోని ఎన్నైనా చూపిస్తాది. ఆ దోవలో నాపరాళ్లకు గొయ్యి తవ్వినారు. అది చెప్పినట్ల పోతే నేరుగా పోయి నీళ్లల్లో తేలుతావు." తర్వాత నా వైపు తిరిగింది. "ఈ పాప ఏం రాస్తాంది? మీరు పడినవన్నీనా?"

అందరం నవ్వాం. ఆ రోజు నుంచి ఆమె మా జట్టులో ఐదోది.

మోపెడ్ వెనక నీలంరంగు టీకాల పెట్టె ఇంకా కట్టే ఉండేది. లోపల ఇప్పుడు బొరుగులు, చెనిక్కాయలు, ఒక స్పానరు. ఆమె దూరాలను కిలోమీటర్లలో చెప్పేది కాదు. టీకాలు చెడకుండా పెట్టెలో వేసుకునే ఐసుతో చెప్పేది. ఈ ఊరు ఐసు కరగని దూరం, ఆ ఊరు ఐసు సగమయ్యే దూరం. "బిడ్డకాడికి ఐసుతో చేరిస్తే అది దోవ పాపా. చేర్చలేదంటే ఉత్త మన్నే," అనేది. దారిని కొలవడానికి ఇంత అందమైన కొలత ఉంటుందని నాకు తెలియదు. ఆ రోజు మూడు పేజీలు నింపాను. గొర్రెల దోవ వేరని, గొడ్ల దోవ వేరని, గొర్రెలు రాళ్లమీద అడ్డంగా ఎక్కితే గొడ్లు చుట్టుతిరిగి పోతాయని, బండి ఎప్పుడూ గొడ్ల మాటే వినాలని చెప్పింది. రాత్రి అవన్నీ చదువుకుంటే తెలిసిన నేల మీద కొత్త ఊళ్లు మొలిచినట్టు అనిపించేది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టు కాదు.

ఫోనులో పైనుంచి తీసిన బొమ్మ చూస్తుంటే, గుట్టను చుట్టుకుని తెల్లగా, వెడల్పుగా ఒక చార కనిపించింది. మా రెండు కొసలనూ సరిగ్గా కలుపుతోంది. అది వంక. ఏడాదిలో చాలా నెలలు ఎండి ఇసుకగా ఉండే వాగు. మా సీమలో వంక అంటే సగం రోడ్డే. ట్రాక్టర్లు పోతాయి, పెళ్లివాళ్ల ఆటోలు పోతాయి. మా అవ్వగారి ఊరికి చిన్నప్పటి నుంచి నేను వంకలోనే పోయాను. పైఊరి వాళ్లైతే సందేహించేవాళ్లేమో. మేం ఇక్కడ పుట్టినవాళ్లం గనక సందేహించలేదు. గీత గీసేశాను. ఎంత అందంగా వచ్చిందో!

ఆమెకు చూపిస్తే చూసీ చూడగానే, "వద్దు," అంది.

"ఎందుకమ్మా? అందరూ పోతారు గదా?"

"పోయేటోళ్లకు వాన ఎప్పుడొస్తాదో తెలుసు పాపా. యాడినుంచో వచ్చేటోనికి ఏం తెలుసు? కొట్టేయి."

కొట్టేయలేదు. ఆమె వద్దన్నదని పెద్దన్నకు చెప్పనూ లేదు. నోటుపుస్తకంలో 'ఇసుక దారి, బాగుంది' అని రాసి చూపించాను. పెద్దన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. "కలిసిపోయింది పాపా! ఆదివారం ఒకసారి నడిపి చూసి పంపించేద్దాం."

ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చింది. వంక దగ్గర మమ్మల్ని చూసి, నా మొహం వైపు ఒకసారి చూసింది. మేం వంకలోకి దిగాం. ఆమె దిగలేదు. మోపెడ్‌ను గట్టుమీద, చేను అంచున నడుపుకుంటూ మాతో పాటే వచ్చింది. మా నెత్తిన ఎండ మండుతోంది. ఒక్క మబ్బు లేదు. సగం దూరం పోయాక ఆమె ఫోను మోగింది. ఆ వెంటనే మోపెడ్ హారన్ ఆగకుండా మోగడం మొదలైంది.

"పైన వాన పడిందంట! ఎక్కండప్పా! గట్టెక్కండి!"

నేను గీత కొట్టేయలేదేమోనని, వంక ఎగువనున్న ఊళ్లో ఒకామెకు పొద్దున్నే చెప్పి పెట్టిందట, చినుకు పడితే ఫోను చెయ్యమని. మిగతా ఇద్దరు అన్నలూ బండ్లు గట్టెక్కించారు. మా బండి ఇసుకలో దిగబడిపోయింది. పెద్దన్న యాక్సిలేటర్ తిప్పేకొద్దీ వెనక చక్రం ఇంకా లోపలికి పోతోంది. పైనుంచి ఒక శబ్దం వినిపించింది, ఎండుటాకుల్లో గొర్రెలమంద నడిచి వస్తున్నట్టు. ఆమె మోపెడ్‌ను పడేసి వంకలోకి దూకింది. గట్టుమీద కుప్పపోసిన నాపరాతి ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి చక్రం కింద తోసింది.

"పాపా, నిలబడి చూడొద్దు, రాళ్లు తే! నువ్వు గట్టిగా తిప్పొద్దప్పా, మెల్లగా, మెల్లగా... తోయండి!"

తోశాం. బండి రాయి మీదికి ఎక్కి, రాయి నుంచి రాయికి దుమికి, గట్టెక్కింది. వెనక్కి తిరిగేసరికి గోధుమరంగు నీళ్లు పొట్టునూ కంపనూ ఎవరిదో ఒక చెప్పునూ తోసుకుంటూ మూలమలుపు తిరిగాయి. మేం ఇందాక నిలబడిన చోట క్షణాల్లో మోకాటి లోతు, ఆపైన నడుము లోతు. ఎండ అలాగే కాస్తోంది.

నేనే చెప్పాను. ఆమె వద్దన్నదని, నేను దాచానని, పెద్దన్న మొహం చూడకుండా చెప్పాను. పెద్దన్న ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తింది.

"గమ్మునుండప్పా. ఒగసారి నేనూ దిగినా ఈ వంకలోకి. టీకాల పెట్టె కొట్టుకపాయె. ఆ నెల ఆ తట్టు ఊళ్లో పిల్లోళ్లకు సూదుల్లేవు. ఒక్కొక్క తల్లికీ ఏం చెప్పల్ల?" తర్వాత నా పక్కన గట్టుమీద కూర్చుని తువ్వాలు పిండుకుంది. "తప్పు రాసినావు. సరే. కొట్టేసి మళ్లా రాయి. అందుకే గదా పుస్తకం తెచ్చుకునింది."

ఆమె ఎదురుగానే ఆ గీత చెరిపేశాను. మా ముక్క మళ్లీ రెండుగా తెగింది.

పెట్టెలోంచి బొరుగులు తీసి అందరికీ పంచి, అప్పుడు చెప్పింది. గుట్టమీదుగా ఒక పాత దోవ ఉందట. కనుమ దాటితే ఎర్రగుంట్ల వైపే దిగుతుందట. ఒకప్పుడు ఆమె ఐసు కరగకుండా అటే దాటేదట. కనుమ కింద శెనగ పండించే రైతు తన పొలం చుట్టూ నాపబండలు నిలువుగా పాతి దాన్ని మూసేశాడు.

"ముందే చెప్పుంటే బాగుండేది గదమ్మా!" అన్నాడు పెద్దన్న.

"వాడు ఇస్తాడని నాకూ నమ్మకం లేదప్పా. అడగల్ల. రండి."

రైతు చేనిగట్టున గొర్రెలకు నీళ్లు పోస్తున్నాడు. ఆమెను చూసి దూరం నుంచే కేకేశాడు. "ఏం నర్సమ్మా, రిటైరైనావంటిరే, ఇంకా సూదులేనా?"

"నీ నోటికొకటి బాకీ పడినా, ఏసిపోదామని వచ్చినా."

విషయం చెప్పగానే అతని నవ్వు పోయింది. "నీకు తెలీదా? ఒగసారి దోవ ఇస్తే లారీలు తోలినారు. శెనగంతా తొక్కి పెట్టినారు. మళ్లా ఇమ్మంటాండావా?"

"లారీకి ఇమ్మన్నానా? బండికి."

"బండి ఎనక ఆటో వస్తాది. ఆటో ఎనక ట్రాక్టరు, ట్రాక్టరు ఎనక లారీ. శానా చూసినా."

ఆమె వాదించలేదు. మోపెడ్‌ను నడిపించుకుని పోయి బండల వరసకు ఆనించింది. హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు జానలేసి కొలిచింది. "ఇట్ల చూడు. రెండు బండలు తీయి. మూడోది ముట్టుకోవద్దు. ఈ సందులో ఆటో పడతాదా? పడితే నన్నడుగు."

రైతు చాలాసేపు ఆ సందు వైపు చూశాడు. "వీళ్ల బండ్లే పట్టవు గదమ్మా," అన్నాడు చివరికి. నిజమే. అన్నల బండ్లకు రెండు పక్కలా సామాన్ల పెట్టెలున్నాయి.

"పెట్టెలతో పట్టాలంటే మూడో బండ కూడా..." అని పెద్దన్న నసిగాడు.

"దేశమంతా తిరిగేటోళ్లు రెండు పెట్టెలు దించుకోలేరా? ఆ మాత్రం దిగనోడు ఈ దోవకు రావద్దు."

రైతు పకపకా నవ్వాడు. గడ్డపార తెచ్చాడు. అందరం తలో చెయ్యి వేసి రెండు బండలు పెకలించాం.

మొదట ఆమే దాటింది. ఎన్నేళ్లయిందో అటు పోయి. కనుమ దాకా రాళ్లమీద మోపెడ్ ఎగిరెగిరి పడుతుంటే మేం వెనక పరుగెత్తాం. పైకెక్కాక అవతలి పల్లం, దూరంగా ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, మధ్యలో ఎర్రగా దిగిపోతున్న బండిదారి! అది తిన్నగా పోయి మా రెండో కొసను తాకింది. నేను కేక పెట్టాను. ఆమె నాకంటే గట్టిగా పెట్టింది. ఫోనులో పటాన్ని చిన్నది చేసి, పైన మంచుకొండల దగ్గర నుంచి కింద సముద్రం దాకా గీతంతా చూపించాను. కళ్లజోడు ఎత్తి చూసి, "ఇంత దోవలో మన ఊరు యాడుండాది?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆ వేలు తీసేదాకా చూస్తూనే ఉంది.

నోటుపుస్తకంలో ఇలా రాశాను: 'ఇక్కడ దిగాలి. పెట్టెలు తీసి దాటాలి. సందు పెద్దది చేయరాదు.' మా ముక్క పటంలో ఉండిపోయింది.

అది జరిగి నెల తిరగకుండానే ఆమె పోయింది. సమాధుల తోటలో మట్టి వేయడానికి ఎన్ని ఊళ్ల నుంచి తల్లులు వచ్చారో! పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా వాళ్ల పిల్లలు, పెద్దవాళ్లయిన పిల్లలు, ఎండలోనే నిలబడ్డారు. నాలుగో రోజు పెద్దన్న ఫోను చేశాడు. ఉత్తరం నుంచి బయలుదేరిన ఇద్దరు ఆ సాయంత్రం మా ముక్కలోకి వస్తున్నారట. ఆ దారిన వచ్చే మొట్టమొదటి బయటివాళ్లు. పుస్తకాలు మూసేసి బస్సెక్కాను.

కనుమ మీద రైతు, పెద్దన్న, నేను కూర్చున్నాం. కింద రెండు బండ్లు సందు దగ్గర ఆగాయి. వాళ్లు బండల వైపు చూశారు, ఫోను చూశారు. ఒకతను నవ్వుతూ పెట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. రెండో మనిషి హెల్మెట్ తీస్తే ఆడమనిషి, పొడవాటి జడ. ఒక్కొక్క పెట్టెనూ చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు అవతలికి చేర్చి, మళ్లీ కట్టుకుని, పైకెక్కి వచ్చి, మాకు తెలియని భాషలో ఏదో అంది. సంతోషంగానే అంది. రైతు చెయ్యెత్తి అవతలి పల్లం చూపించాడు.

వాళ్లు దిగిపోయాక కూడా దుమ్ము కూర్చోలేదు. సాయంత్రపు ఎండలో అలాగే నిలబడిపోయింది. కింది నుంచి రైతు గొర్రెలు ఇంటిదారి పట్టి అందులోంచి నడిచి వచ్చాయి. ముందు చెవులు కనిపించాయి, తర్వాత మొహాలు, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటిగా మంద మొత్తం.