గోలెంల తిరిగిన పచ్చరంగు

ఆ రోజుల్ల రెండు పుస్తకాలు ఎక్కువ చదివినోనికి భయం తక్కువుండేది. బుద్ధి గూడ తక్కువే అని తర్వాత తెలిసింది. హైదరాబాదుల చదువు ముగించి, కామారెడ్డిల రైలు దిగి, ఎడ్లబండి మీద ఎల్లారెడ్డికి పోయి బడిపంతులుగ చేరిన. పటేలు తన ఇంట్లనే ఒక అర్ర ఇచ్చిండు. ఎండాకాలం మొదట్ల వాళ్ల కొట్టంలోని గోలెంల, పశువులు తాగే నీళ్లు పచ్చబడ్డయి. అంతటితోని పోతే ఎవరూ పట్టించుకోకపోదురు. ఆ పచ్చరంగు పొద్దున తూర్పు అంచుకు చేరేది, మాపటికి పడమటి అంచుకు పోయేది. అప్పుడే వాళ్ల బర్రె పాలు బందు చేసింది. పటేలు తల్లి “ఇది బాణామతి” అన్నది. చేసింది ఎదురింట్ల ఒంటిగ ఉండే మందులవ్వ అన్నది. (బాణామతి అంటే చేతబడి. ఆ నింద పడ్డోళ్లకు మంత్రం పలకకుండ పండ్లు పీకేటోళ్లు.)

తెల్లారి మందులవ్వను కొట్టం ముందర కూసోబెట్టిన్రు. కమ్మరాయన పట్టకారు పట్టుకొని, తనకే పంటినొప్పి లేచినట్టు నిలబడ్డడు. నా నోరు ఊకోలే.

“పటేలా, అది మంత్రం కాదు. కంటికి ఆననంత చిన్న నాచు. ఒక్కొక్కటి ఒక్క కణమే. రెండు మీసాలతోని ఈదుకుంట వెలుతురు దిక్కు పోతది.”

“నాచుకు మీసాలా సారూ?” అని పటేలు తన మీసం తడుముకున్నడు. ఎవరూ నవ్వలే.

“ఏ దిక్కో మీరే చెప్పుండ్రి. గొంగడి కప్పి ఆ దిక్కే తెరుస్తం. అక్కడికే వస్తది.”

“రాకపోతే?”

“మీ ఇష్టం.” (ఎవరి పండ్లన్నది నేను చెప్పలే.)

పటేలు దక్షిణం అన్నడు. పచ్చరంగు ఎన్నడూ పోని దిక్కు అది. గొంగడి కప్పినమో లేదో మబ్బు కమ్మింది. మబ్బు పడితే ఏమయితదో నేను చదివిన పుస్తకంల లేకుండె. మందులవ్వ నా మొహమే చూసుకుంట కూసున్నది. కమ్మరాయన పట్టకారు ఆ చేతిల నుంచి ఈ చేతికి మార్చుకున్నడు. పొద్దెక్కినంక మబ్బు విచ్చుకున్నది. ఇంకొంత సేపు ఆగి, పటేలే గొంగడి లేపిండు. దక్షిణపు అంచుకు పసరు పూసినట్టు పచ్చగ పేరుకొని ఉన్నది.

జనం ఒక్కసారి వెనుకకు జరిగిన్రు, గోలెం కాడి నుంచి కాదు, నా కాడి నుంచి.

“అవ్వను ఇడువుండ్రి,” అన్నడు పటేలు మెల్లగ. “సారుకు ఆమెకంటె పెద్ద మంత్రం ఒచ్చు.”

మాపటికి మందులవ్వ నా అర్ర గడప కాడికి వచ్చింది. నాచు సంగతి, మీసాల సంగతి మల్ల మొదటి నుంచి చెప్పిన. ఓపికతోని అంతా విన్నది.

“సరే కొడుకా, గట్లనే అందాం,” అని నా చెంప నిమిరి పోయింది.

నేను దాన్ని సైన్సు గెలుపనుకొని మరునాడు బడికి మెడ నిక్కించుకొని నడిచిన. ఆ పిలగాన్ని ఇప్పుడు యాది చేసుకుంటే నవ్వొస్తది. కొద్దిగ ముద్దు గూడ ఒస్తడు.