ఏడుపును తిరిగి తెచ్చిన టీచరుగారు

మొన్న వట్లూరులో మరణం జరిగిన ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. షామియానా కింద తడిసిన చేమంతి దండల వాసన తగలగానే నాకు కరుణమ్మ టీచరుగారు గుర్తొచ్చారు. ఆవిడ మిషను బడిలో చదువు చెప్పి రిటైరయ్యాక, కొల్లేటి లంకలోని మా చర్చి వరండాలో శనివారం మధ్యాహ్నాలు కూడిక పెట్టేవారు. మిషనరీ దొరల కాలంలో మనకు ఏం వచ్చింది, ఏం పోయింది అన్నదే అక్కడి మాట. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బైబిలు ట్రైనింగు ముగించుకుని నేను ఆ సంఘానికి పాస్టరుగా వెళ్ళాను. ఆ కూడిక నాకు మొదట నచ్చలేదు. సువార్త తెచ్చినవాళ్ళను తప్పుపట్టడం కృతఘ్నత అనుకున్నాను.

ఆ వానాకాలమే మా సంఘంలోని మార్తమ్మ కూతురు జ్వరంతో చనిపోయింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా లేవు. మార్తమ్మ శవపెట్టె మీద పడి శోకం అందుకుంది. శోకాలు పెట్టడం, చనిపోయినవారు తిరిగి లేస్తారన్న నిరీక్షణ లేనివారి ఆచారమని మా సంఘంలో దొరలనాటి కట్టడి. నేను ఆమె భుజం పట్టి లేపి, విశ్వాసులు ఇలా ఏడవకూడదమ్మా అని చెప్పి పాట ఎత్తించాను. ఆమె ఆగింది. ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం సరిగా ముట్టలేదు. నేను దాన్ని దేవుడిచ్చిన నెమ్మది అనుకున్నాను.

నెల తిరిగాక టీచరుగారు చర్చి మెట్ల మీద నన్ను ఆపారు.

“స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు ఏడ్చారు కదండీ అయ్యగారూ. మరి ఆయన్నెవరు ఆపారండీ?”

ఆవిడే మళ్ళీ అన్నారు. “దొరలు మనకు అక్షరం ఇచ్చారు, స్తోత్రం. ఏడుపు మాత్రం పట్టుకుపోయారు. అది తిరిగి తెచ్చుకోవాలండీ. ఇలాగే ఉంటే మార్తమ్మ మనకు దక్కదు.”

ఆ శనివారం కూడికకు ఆవిడ మార్తమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఎదురు వీధిలో, శోకాలు పెట్టడం ఇంకా మానని చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళనూ పిలిచారు. మా చర్చి గడప దగ్గరికి వాళ్ళు రావడం అదే మొదలు. నేను చాప మీద కూర్చుని, నీ నోరు మూయించింది నేనే, తప్పు నాది, క్షమించమ్మా అన్నాను. మార్తమ్మ నన్ను చూడలేదు. కూతుర్ని తలుచుకుని, “షెడ్డు నుంచి తడిబట్టలతో వచ్చి నా మెడ మీద చల్లటి చేతులు పెట్టేదానివే అమ్మా” అని శోకం ఎత్తుకుంది. అక్కడే ఆపేసింది.

శోకం ఒకరు ఆపినచోట పక్కవారు అందుకోవాలి. మావాళ్ళకు ఆ అలవాటు తప్పి మూడు తరాలైంది. అప్పుడు గడప దగ్గర కూర్చున్న చేపలావిడ ఒకామె లేచొచ్చి, మార్తమ్మను కావలించుకుని, “ఆ చేతులు మట్టికి అప్పగించామే తల్లీ” అని అందుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరుగా మా ఆడవాళ్ళూ కలిశారు. అందరూ ఏడ్చాక మార్తమ్మ మంచినీళ్ళు అడిగింది. టీచరుగారు నా వైపు తిరిగి, ఇక ప్రార్థన చెయ్యండి అయ్యగారూ, పొట్టిగా చెయ్యండి అన్నారు.

ఆవిడ ప్రభువు సన్నిధికి చేరి చాలాకాలమైంది. ఆ తర్వాత తాడేపల్లిగూడెం నుంచి చింతలపూడి దాకా ఎన్నో ఇళ్ళలో సమాధి ప్రార్థనలు చేశాను. పునరుత్థానాన్ని ఆనాటికంటే గట్టిగా నమ్ముతున్నాను. అందుకే తొందరపడను. తల్లి ఏడవడం ముగించేదాకా గ్రంథం మూసి ఉంచి, చాప మీదే కూర్చుంటాను.